ఇంజన్ చప్పుడు వినే చెవి

శ్రీశైలం వెళ్ళేవాళ్ళకు పెద్దదోర్నాల అంటే ఒక టీ, ఒక మిరపకాయ బజ్జీ. మార్కాపురం రోడ్డూ ఆత్మకూరు రోడ్డూ కలిసే సెంటర్లో బండి ఆపుతారు, కాళ్ళు సాగదీస్తారు, ఫారెస్టు గేటు మూసేలోపు అడవి దాటాలని హడావుడిగా బయల్దేరతారు. ఇక్కణ్ణుంచి యాభై కిలోమీటర్ల దాకా నల్లమల. మా మేనమామకు మాత్రం ఆ సెంటరే బతుకు. ముప్పయ్యేళ్ళుగా అక్కడ ఆయనది మెకానిక్ షెడ్డు.

ఘాట్ రోడ్డు పక్కన మెకానిక్‌కి పని రావడానికి కారణాలు రెండే. ఎక్కేటప్పుడు ఇంజన్ వేడెక్కుద్ది, దిగేటప్పుడు బ్రేకులు వేడెక్కుతాయి. శివరాత్రి వారం రోజుల్లో మామ నిద్రపోగా నేను చూళ్ళేదు. ఆయన బానెట్ ఎత్తకముందే చెవి పెడతాడు. టాపెట్లా, బేరింగా, టైమింగ్ చైనా, చప్పుడును బట్టి చెప్పేస్తాడు. "బండి మాట్లాడుద్ది అల్లుడూ. మనం వినాలంతే."

ఆమధ్య మా ఊరి టీచర్ గారొకరు తన ఎలక్ట్రిక్ స్కూటర్ ఆగిపోతే అలవాటుగా మామ దగ్గరికే తోసుకొచ్చారు. మామ చుట్టూ తిరిగాడు, వంగి చూశాడు. డిస్‌ప్లే మీద ఒక కోడ్ వెలుగుతోంది. దాని అర్థం తెలియాలంటే కంపెనీ సాఫ్ట్‌వేర్ కావాలి, దానికి కంపెనీ ఇచ్చిన లాగిన్ కావాలి. చివరికి స్కూటర్ని ట్రాలీ ఆటోలో ఎక్కించి టౌనుకు పంపారు. "ఇది మూగదిరా అల్లుడూ," అన్నాడు మామ. కోపంగా కాదు. చెయ్యి చూసి నాడి దొరకని వైద్యుడిలా.

నేను ఎలక్ట్రిక్ బండ్లకు వ్యతిరేకిని కాను. హైదరాబాద్‌లో నేను నడిపేది అదే. పైగా ఘాట్ రోడ్డుకి దానికంటే పనికొచ్చే బండి లేదు. కిందికి దిగేటప్పుడు మోటారే జనరేటరై వేగాన్ని అదుపు చేస్తుంది, బ్రేకు డ్రమ్ముల్లో వేడిగా పోవాల్సిన శక్తిలో కొంత బ్యాటరీకి తిరిగొస్తుంది. 2022 నుంచి తిరుమల కొండ మీదికి ఆర్టీసీ ఎలక్ట్రిక్ బస్సులు తిరుగుతున్నాయి. పులులున్న అడవిలో పొగా హారన్లూ తగ్గితే ఎవరు వద్దంటారు?

నా పేచీ కరెంటుతో కాదు, తాళంతో. దీనికి రుజువు కూడా మామ షెడ్డులోనే దొరికింది. మామూలు సీసం బ్యాటరీల ఈ-రిక్షా ఒకటి రిపేరుకొస్తే, మల్టీమీటర్ కొనుక్కుని రెండ్రోజులు కుస్తీ పట్టి బాగుచేశాడు. అదీ కరెంటు బండే, అదీ చప్పుడు చెయ్యదు. కానీ దాని లోపల ఏముందో చూడనిస్తుంది.

తాళాలు పై స్థాయిలోనూ ఉన్నాయి. ఇప్పుడు చాలా చవక ఎలక్ట్రిక్ బండ్లలో వాడే ఎల్‌ఎఫ్‌పీ బ్యాటరీ రసాయనం 1990లలో అమెరికాలో, టెక్సాస్ విశ్వవిద్యాలయంలో జాన్ గుడ్‌ఇనఫ్ బృందం కనిపెట్టింది. దాన్ని లక్షల్లో, చవకగా తయారుచేయడం నేర్చుకున్నది మాత్రం చైనా. 1995లో బ్యాటరీల కంపెనీగా మొదలైన బీవైడీ, 2023 చివరి మూడు నెలల్లో ఎలక్ట్రిక్ కార్ల అమ్మకాల్లో టెస్లాను దాటింది. 2025 ఏప్రిల్‌లో చైనా కొన్ని అరుదైన ఖనిజాల మీదా, మోటార్లలో వాడే అయస్కాంతాల మీదా ఎగుమతి ఆంక్షలు పెట్టగానే మన దేశంలో బండ్లు చేసే కంపెనీలకు చెమటలు పట్టాయి. మామ లాగిన్ కోసం చేతులు కట్టుకు నిలబడ్డట్టే, పెద్ద పెద్ద కంపెనీలు లైసెన్సుల కోసం నిలబడ్డాయి.

"మనకీ ఫ్యాక్టరీలొచ్చాయిగా" అంటారు. వచ్చాయి. పెనుకొండ దగ్గర కియా 2019లో కార్లు తయారుచేయడం మొదలుపెట్టింది. ఏడాదికి మూడు లక్షల కార్ల సామర్థ్యం. అనంతపురం వైపు కొరియన్ బోర్డులు కనబడుతున్నాయంటే కరువు సీమకు అది చిన్న సంగతి కాదు. మా మామ కొడుకు కూడా డిప్లొమా చేసి, వేరే రాష్ట్రంలో ఒక కార్ల ప్లాంటులో లైన్ మీద పనిచేస్తున్నాడు. నెలనెలా జీతం, ఉచిత బస్సు, క్యాంటీన్ భోజనం. షెడ్డులో ఎన్నడూ లేని భరోసా అది. కానీ పండక్కి వచ్చినప్పుడు వాడన్న మాట నన్ను వదల్లేదు: "నాన్నకి బండి మొత్తం తెలుసు బావా. నాకు ఎడమవైపు ముందు తలుపు తెలుసు."

కాలం మారితే కొన్ని పనులు పోతాయి, ఏడిస్తే లాభం లేదంటారు మా ఆఫీసు మిత్రులు. ఆ మాట మార్కాపురం మనిషికి చెప్పనక్కర్లేదు. మా తరం దాకా తెలుగు పిల్లలు ఎంతోమంది అ ఆలు దిద్దింది మార్కాపురం పలక మీదే. నోటుపుస్తకం వచ్చింది, పలక మూలకు పోయింది. చదువు ఆగలేదు, నిజమే. కానీ పలకరాయి చీల్చడం తెలిసిన చేతులకు నోటుపుస్తకాల ఫ్యాక్టరీలో ఉద్యోగం రాలేదు. మార్పు లాభం ఒకచోట పడుతుంది, ఖర్చు ఇంకోచోట పడుతుంది. ఆ ఖర్చు ఎవరి ఖాతాలో రాయాలో ముందే మాట్లాడుకోకపోతే, అది ఎప్పుడూ దోర్నాల లాంటి ఊళ్ళ ఖాతాలోనే పడుతుంది.

మాట్లాడుకోవడానికి దారి లేకపోలేదు. కొన్న వస్తువును నచ్చినచోట బాగుచేయించుకునే హక్కు గురించి కేంద్ర వినియోగదారుల శాఖ 2022లో ఒక కమిటీ వేసింది, పోర్టల్ తెరిచింది. అందులో వాహనాలూ ఉన్నాయి. పోర్టల్‌తో ఆగకుండా చట్టం కావాలి. ఎర్రర్ కోడ్‌కి అర్థం, విడిభాగం, సర్వీస్ మాన్యువల్ సర్వీస్ సెంటర్‌కి ఎంత అందుబాటులో ఉంటాయో రోడ్డు పక్కన షెడ్డుకీ అంతే ఉండాలి. హై వోల్టేజీ ప్రమాదమే, కాదనను. అందుకే మార్కాపురం స్థాయి పట్టణాల్లో సాయంత్రం పూట శిక్షణ ఉండాలి, పదో తరగతి తప్పిన యాభయ్యేళ్ళ మనిషిని కూడా కూర్చోనివ్వాలి. ఛార్జింగ్ స్టేషన్లకు సబ్సిడీ ఇవ్వగలిగిన ప్రభుత్వానికి ఇది మోయలేని బరువేం కాదు.

మొన్న ఫోన్లో మామ అడిగాడు, "అల్లుడూ, ఆ లిథియం బ్యాటరీ విప్పి చూపించే క్లాసులు హైదరాబాద్‌లో యాడన్నా ఉంటే కనుక్కో. ఫీజు ఎంతైనా సరే." కనుక్కున్నాను. ఉన్నాయి. ఇంజనీరింగ్ చదివినవాళ్ళకు, ఇంగ్లీషులో.