గొయ్యి యేమవుతుంది మాస్టారూ?

నేను ఆమదాలవలసలో భూగోళం చెబుతున్న రోజుల్లో ఒక కుర్రాడు గరివిడి దగ్గర మేనమామగారి వూరినుంచి నల్లరాయి తెచ్చాడు. చూడటానికి గుప్పెడే, చేతిలో పెడితే మహా బరువు. మాంగనీసు! ఉక్కు గట్టిగా వుండాలంటే అది కావాలి. మన దేశంలో మాంగనీసు మొట్టమొదట తవ్వినది ఆ ప్రాంతంలోనే, 1890 తరవాతి సంవత్సరాల్లో. ఇదంతా హుషారుగా చెప్పాను.

కుర్రాడు అంతా విని, "రాయి తవ్వుకుపోయాక గొయ్యి యేమవుతుంది మాస్టారూ? మా మావ వూళ్ళో గేదెలు ఆ నీళ్ళే తాగుతాయి," అన్నాడు.

"అది పాఠంలో లేదు, కూర్చో," అన్నాను. పిల్లవాడి ప్రశ్నను నొక్కెయ్యరాదని ట్రెయినింగులో నేర్చుకున్నవాణ్ణే!

ఆ ప్రశ్నకు జవాబు వెతకటమే ఒక పెద్ద ఉద్యోగమని నాకు చాలా ఆలస్యంగా, ఉప్పుగుండూరి అశ్వత్థనారాయణ గారిని గురించి చదివినప్పుడు తెలిసింది. ఆయన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఆచార్య సి. మహాదేవన్ గారి వద్ద భూగర్భ శాస్త్రం చదివారు. ఆ మహాదేవన్ గారు సర్ సి. వి. రామన్ గారి శిష్యులు.

అశ్వత్థనారాయణ గారు మొదట రాళ్ళ వయసు కట్టారు. రాయికి జాతకం వుంటుందా అంటారేమో, వుంటుంది! యురేనియం తనంతట తాను మెల్లగా సీసంగా మారిపోతుంది. సగం మారటానికి సుమారు 447 కోట్ల యేళ్ళు. రాతిలో సీసం యెంత పోగయిందో కొలిస్తే వయసు తెలుస్తుంది. ఇలాటి పద్ధతులతో తేలిన తూర్పు కనుమల రాళ్ళ వయసులను ఆయన 1964లో ఒక అమెరికా పత్రికలో ప్రకటించారు.

తరవాత ఆఫ్రికా వెళ్ళారు. టాంజానియాలో పాఠాలు చెప్పారు. అక్కడ ఉత్తరాది బావుల్లో ఫ్లోరైడు యెక్కువ. పళ్ళు గారపడతాయి, యెముకలు వంగిపోతాయి. మన నల్లగొండలో చూసిన బాధే. ఆ నీళ్ళను ఆయన తోటివారితో కలిసి పరిశోధించారు. ఆ పైన మొజాంబిక్‌లో సలహాదారుగా పనిచేశారు. అది 1975 దాకా పోర్చుగీసువారి యేలుబడిలో వున్న దేశం. బొగ్గూ, బంగారమూ వున్న దేశం.

పరాయి ప్రభుత్వానికి సలహాదారంటే బంగారం యెక్కడుందో వేలుపెట్టి చూపిస్తాడనుకుంటాం. అది కంపెనీలు యెలాగూ వెతుక్కుంటాయి. తవ్వితే పక్క వూరి బావి యేమవుతుందో ముందుగా చెప్పేవాడు కావాలి. గంధకం కలిసిన రాయి బయటపడి గాలీ నీరూ తగిలితే గంధకామ్లం పుడుతుంది. అది వాగులో కలిస్తే చేపలు చస్తాయి. బీదవాళ్ళు బంగారపు రజనును పాదరసంతో పట్టి, కుంపటిమీద కాలుస్తారు. బంగారం మిగులుతుంది, పాదరసం ఆవిరై ఆ యింటి పిల్లల వూపిరితిత్తుల్లోకి పోతుంది. 2003లో వెలువడిన అశ్వత్థనారాయణ గారి ఇంగ్లీషు పుస్తకం ఖనిజాలూ పర్యావరణమూ గురించే. నేనది చూసినప్పుడు నల్లరాయి తెచ్చిన కుర్రాడు గుర్తుకొచ్చి సిగ్గుపడ్డాను.

ఆ కుర్రాడికి ఇప్పుడు తల నెరిసింది. మొన్న స్టేషనులో కనిపిస్తే, ఆ గొయ్యి ఇంకా వుందా అని అడిగాను.

"వుంది మాస్టారూ, గేదెలే మారాయి," అన్నాడు.

మాంగనీసు గొయ్యిలో నీరు మంచిదో కాదో కంటితో చూసి చెప్పలేం. శుభ్రమైన సీసాలో పట్టి తెమ్మన్నాను. నాలుగో రోజున తెచ్చాడు. పరీక్షకు పంపాం, ఫలితం ఇంకా రాలేదు.