కూనూరు కొండమీది చల్లని తేనీరు

నీలగిరులకు పోవువారిలో పెక్కుమంది ఉదకమండలమును తలచుకొని బయలుదేరుదురు. కూనూరు వారికి దారిలోని యొక స్టేషను మాత్రమే. మేము మొన్నటి మే నెలలో కూనూరునందే దిగి, ఎనిమిది దినములు అచ్చటనే యుంటిమి. అక్కడి జలపాతములను గూర్చియు, శిఖరములను గూర్చియు వ్రాసిన పుస్తకములు చాల కలవు. ఆ కొండమీది ఆకుతో, ఆ కొండమీది పండ్లతో చేయు చల్లని తేనీటిని గురించి మన సోదరీమణులకు తెలుపుటకే మేమీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

చెన్నపట్టణమున రాత్రి యెక్కిన నీలగిరి ఎక్స్‌ప్రెస్సు తెల్లవారునప్పటికి మమ్ము మేట్టుపాళయము చేర్చెను. అచ్చటినుండి కొండరైలు. ఈ మార్గము 1899 లో కూనూరువరకును, 1908 లో ఉదకమండలమువరకును తెరువబడినది. 2005 లో యునెస్కోవారు దీనిని ప్రపంచ వారసత్వపు పట్టికలో చేర్చిరి. కల్లారువరకు పోకతోటల నడుమ చదునుగా సాగును. ఆ తరువాత నిట్టనిలువు. పట్టాల నడుమ పళ్లుగల యినుపబద్దలను పరచిరి. ఇంజనుక్రింది పంటిచక్రము ఆ పళ్లను పట్టుకొని ఎక్కును. పండ్రెండడుగులు ముందుకు పోవునప్పటికి ఒక యడుగు ఎత్తు పెరుగునన్నమాట. పైగా ఇంజను ముందుండి లాగదు, వెనుకనుండి నెట్టును. మూడుగంటలకు పైగా ఇట్లు సాగి, సుమారు 1,800 మీటర్ల యెత్తున నున్న కూనూరు చేరునప్పటికి, మేట్టుపాళయమున చెమటతో తడిసిన మా చీరలు ఆరి, శాలువలు వెదకికొనవలసి వచ్చెను.

ఊరు చేరకమునుపే తేయాకు తోటలు కనబడును. దూరమునుండి చూచిన కొండకు పచ్చని రత్నకంబళి కప్పినట్లుండును. దగ్గరకు పోయినచో ప్రతి పొదయు నడుమెత్తున, కత్తిరించి చదును చేసినట్లుండును. కత్తిరింపక విడిచినచో ఇదియు నొక చెట్టగును; కోయువారి చేతి కందుటకై దాని నిట్లు పొట్టిగా నుంచుదురు. నడుమనడుమ సిల్వరు ఓకు చెట్లు నీడకై నాటబడియున్నవి. నీలగిరులకు రెండు ఋతుపవనముల వానయు లభించును గనుక సంవత్సరము పొడుగునను కోత సాగును. డిసెంబరు జనవరి మాసములలో మంచు కురిసి, చలికి ఆకు మెల్లగా పెరుగును. అప్పటి ఆకు పరిమళమునకు పేరుగన్నది; దానిని మంచుకాలపు తేయాకని ప్రత్యేకముగా నమ్ముదురు.

కోతపని యెక్కువగా స్త్రీలదే. రెండాకులు, ఒక మొగ్గ. అంతవరకే గోటికొనలతో త్రుంచి వీపునగల బుట్టలోనికి విసరుదురు. ఇట్లు నాలుగైదు కిలోల పచ్చియాకు కోసినగాని ఒక కిలో తేయాకు కాదు. వారిలో ఒక పెద్దామెతో మాకు వచ్చిన కొలదిపాటి అరవముతో మాటలాడితిమి. 1964 లో భారత ప్రభుత్వమునకును, సింహళ ప్రభుత్వమునకును జరిగిన యొప్పందము తరువాత ఓడనెక్కి వచ్చిన కుటుంబము వారిది. తాతముత్తాతలనాడు అరవదేశము విడిచి సింహళపు తేయాకుతోటలకు పోయిరి. మనుమల కాలమున మరల ఈ కొండకు వచ్చి, ఇచ్చటను తేయాకే కోయుచున్నారు. ఇట్టివారికి బ్రతుకుదెరువు కల్పించుటకే మద్రాసు రాష్ట్ర ప్రభుత్వము 1968 లో తోటలు పెంచ మొదలిడెను. నేడవి కూనూరునందు కార్యాలయము గల ‘టాన్‌టీ’ సంస్థ చేతిలో నున్నవి.

మేము చల్లని తేనీటికై మంచి యాకు కొనవచ్చితిమని చెప్పగా ఆమె పకపక నవ్వి, “ఈ చలికొండమీద చల్లటి టీయా, అమ్మా?” అనెను. “మీ రెట్టిది త్రాగుదురు?” అని యడిగితిమి. పాలు, చక్కెర వేసిన పొడి టీ యేనట. తాను కోసిన మొగ్గలతో చేసిన ఆకుటీ ఎట్లుండునో ఆమె యెరుగదు.

ఈ మాట మమ్ము చాలసేపు వదలలేదు. మన యిండ్లలో మాత్రమేమి? మనము వాడునది సామాన్యముగా సీ.టీ.సీ. యనబడు యంత్రపు పొడి. 1930 ప్రాంతమున అస్సామున పుట్టిన ఈ యంత్రము ఆకును రెండు పళ్లరోలర్ల నడుమ నలిపి, చింపి, చిన్న గుళికలుగా చుట్టును. వేగముగా రంగు దిగును, చిక్కగా నుండును, పాలకు నిలుచును; ఉదయపు టీకి దానిని మించినది లేదనియే మా యభిప్రాయము. కాని పాలు, చక్కెర, అల్లము చేరిన టీలో ఆకు మంచిదో చెడ్డదో చెప్పుట కష్టము. చల్లని తేనీటిలో అట్టి మరుగు లేదు. గాజు గ్లాసులో పోసి వెలుతురునకు పట్టినచో ఆకు, నీరు, చేతిపని మూడును బయటపడును. అందుకు పాతపద్ధతిని వాడనిచ్చి, మెలిపెట్టి, గాలికి ఎఱ్ఱబారనిచ్చి, ఎండించిన పొడవాకు కావలెను. ఆ యాకునకు లేతకోత కావలెను. నేడు కూలివారు చాలక నీలగిరులలో చాలచోట్ల కత్తెరలతో కోయుచున్నారు. కత్తెర ముదురాకును, కాడను ఎంచదు. ఎంచగలిగినది ఆ స్త్రీల వ్రేళ్లే. మనము పొడిని మాత్రమే అడుగుచున్నంతకాలము వారి నేర్పునకు ఇంటి బజారున విలువ కట్టువారు తక్కువ. మంచి యాకు చాలవరకు విదేశములకే పోవుచున్నది.

నీలగిరి యాకు చల్లని తేనీటికి ప్రసిద్ధి చెందుటకు కారణము కలదు. ఏ తేనీటినైనను బాగుగా చల్లార్చినచో, అందలి కెఫీనును, రంగునిచ్చు పదార్థములును ఒండొంటితో కలిసి మబ్బువలె తేలును. అది చెడిపోవుట కాదు. కొంచెము వేడినీరు పోసినచో మరల తేటబడును. అయినను కంటి కింపుగా నుండదు. నీలగిరి యాకునందు ఈ మబ్బు తక్కువ. అందువలననే ఐసుతో త్రాగు అమెరికా దేశమునకు ఈ యాకు చాల పోవును. ఆ దేశమున తేనీటిని వేడిగా త్రాగువారికంటె చల్లగా త్రాగువారే యెక్కువ.

అచ్చట దీనికొక కథ కలదు. 1904 లో సెయింట్ లూయీ నగరమున ప్రపంచ ప్రదర్శనము జరిగెను. మన తేయాకు ప్రచారమునకై పోయిన రిచర్డ్ బ్లెచిండెన్ అను దొర, మండుటెండలో వేడి తేనీటిని ఎవరును ముట్టకపోవుట చూచి, అందులో ఐసు వేసి యిచ్చెననియు, చల్లని తేనీరు ఆనాడే పుట్టెననియు చెప్పుదురు. కాని 1879 లోనే మేరియన్ కేబెల్ టైరీ యను నామె కూర్చిన ‘హౌస్ కీపింగ్ ఇన్ ఓల్డ్ వర్జీనియా’ యను వంటపుస్తకమున దీనిని చేయు విధము అచ్చుపడినది. ఆ పుస్తకము ఇన్నూటయేబదిమంది గృహిణులు తమతమ యిండ్లనుండి పంపిన వంటకముల కూర్పు. వంటింట పుట్టినదానికి ప్రదర్శనశాలలో బారసాల చేయుట లోకమున క్రొత్త కాదు.

ఇక చేయు విధము. కూనూరులో మేము దిగిన యింటి యజమానురాలు మాకు నేర్పినది ప్లము పండ్లతో చేయునది. మే, జూను మాసములలో అచ్చట ప్లములు, పీచులు దండిగా పండును. 1874 లో నెలకొల్పిన సిమ్స్ పార్కునందు మే నెలలోనే పండ్ల ప్రదర్శనము కూడ జరుగును. ఆరు పండిన ప్లములను పలుచని ముక్కలుగా కోసి, పింగాణి గిన్నెలో వేసి, నాలుగు పెద్దచెంచాల చక్కెర చల్లి, మూతపెట్టి ఒక గంట యుంచవలెను. చక్కెర పండులోని రసమును తానే బయటికి లాగును; పిండ నక్కరలేదు. అరలీటరు నీరు తెరలకాచి, పది గ్రాముల ఆకు, అనగా నాలుగైదు చిన్నచెంచాలు, వేసి దించి, మూతపెట్టి నాలుగు నిమిషములు మాత్రమే యుంచి వడకట్టవలెను. ఆకును చెంచాతో నొక్కి పిండరాదు. పిండినచో వగరు దిగును. పొయ్యిమీద ఆకును మరిగించుట మనకలవాటు. ఇచ్చట ఆ యలవాటు పనికిరాదు.

ఈ డికాక్షను గది చల్లదనమునకు వచ్చినపిదపనే పండ్లరసమును, ముక్కలను, కాచి చల్లార్చిన మరియొక అరలీటరు నీటిని కలుపవలెను. వేడిగా నుండగనే ఐసు వేసినచో పైన చెప్పిన మబ్బు పట్టును. త్రాగునప్పుడు గ్లాసులో ఐసు వేసి, దానిపై పోసి, చివర నిమ్మచెక్కనుండి నాలుగు బొట్లు పిండవలెను. నిమ్మరసము పడగానే ఎఱ్ఱని తేనీరు బంగారువన్నెకు మారును. పిల్లలకు చూపదగిన వేడుక యిది, త్రాగుటకు మాత్రము వారి కీయరాదు.

మన యూళ్లలో ప్లములు దొరకుట యరుదు. దొరకినను వాని ధర చూచి వెనుదిరుగుదుము. అందుకు విచారింప నక్కరలేదు. దానిమ్మగింజలు చాల బాగుండును. రంగును ఇచ్చును, తేటను చెరుపవు. నల్లద్రాక్షలను చీల్చి చక్కెరలో నానవేసినను మంచిదే. బంగినపల్లి మామిడిని గట్టిగా నుండగనే ముక్కలు కోసి వేయవచ్చును. రసాలపండ్లు మాత్రము వలదు, గుజ్జు కలిసి గంజివలె నగును. బత్తాయిరసము నిలిచినచో చేదెక్కును గనుక త్రాగబోవునప్పుడే కలుపవలెను. అరటి, సపోటాలు దీనికి పుట్టినవి కావు. పుదీన రెండాకులు చాలును. ఏలకులు, దాల్చినచెక్క వేయువారు పాయసమునకును తేనీటికిని భేదము మరచినవారని మా తలంపు.

ఆకు ఎంత మంచిదైనను నీరు చెడ్డదైనచో ఫలము లేదు. కూనూరులో తేటగా వచ్చిన తేనీరు ఇంటికి వచ్చిన తరువాత మా బోరునీటితో మురికిరంగు తిరిగి, పైన మీగడవంటి పొర కట్టెను. నీటిలోని సున్నపుపాలు దానికి కారణము. నీటిని బాగుగా కాచి, తేర్చి, వడకట్టి వాడగా చాలవరకు కుదిరెను. పాత్రలును చూచుకొనవలెను. ఇనుపగిన్నె తేనీటిని సిరావలె నల్లబరచును. కళాయి లేని ఇత్తడి, రాగి పాత్రలలో నిమ్మ, పండ్లరసములు నిలువయుంచుట ప్రమాదము. గాజు, పింగాణి, స్టీలు మేలు.

ఐసు విషయమున ఎంత చెప్పినను తక్కువే. బజారున సైకిలుపై తెచ్చు దిమ్మలు చేపలను కప్పుటకు చేసినవి కావచ్చును. ఏ నీటితో చేసిరో తెలియదు. మంచుగడ్డ చల్లగా నున్నంతమాత్రమున అందలి క్రిములు చావవు. టైఫాయిడు, కామెర్లు, అతిసారము వేసవిలో ఇండ్లలో చొరబడు ద్వారములలో ఇది యొకటి. కాచిన నీటితో ఇంటి ఫ్రిజ్జులోనే ఐసు చేసికొనవలెను. అమెరికాలో సీసాలో నీరును ఆకును వేసి ఎండలో నుంచి చేయు పద్ధతి యొకటి కలదు. మన యెండలను చూచి అది మనకు మరింత తగినదని తోచవచ్చును. కాని ఎండవలన నీరు గోరువెచ్చనగును గాని కాగదు. ఆ వెచ్చదనము క్రిములకు అనుకూలము. దానికి బదులు, కాచి చల్లార్చిన లీటరు నీటిలో పది గ్రాముల ఆకు వేసి, రాత్రి ఫ్రిజ్జులో నుంచి, ఎనిమిది గంటల తరువాత వడకట్టవచ్చును. మబ్బు పట్టదు, వగరు తక్కువ. పండ్లు కలిపినది ఆనాటి కానాడే త్రాగివేయవలెను.

స్త్రీలు ప్రత్యేకముగా గమనింపవలసినది యొకటి కలదు. తేనీటిలోని వగరు పదార్థములు అన్నము, కూరలలోని ఇనుమును దేహమునకు పట్టనీయవు. 2019-21 జాతీయ కుటుంబారోగ్య సర్వేలో పదునైదు మొదలు నలుబదితొమ్మిది యేండ్లవరకు గల స్త్రీలలో రక్తహీనత గలవారు దేశమంతట నూటికి 57 మంది, ఆంధ్రప్రదేశమున 58.8, తెలంగాణమున 57.6. అందరికి వడ్డించి, ఆలస్యముగా తిని, వెంటనే ఒక గ్లాసు టీతో సరిపెట్టుకొనుట మనలో నెందరి దినచర్యయో చెప్పనక్కరలేదు. వేడిదైనను, చల్లనిదైనను, భోజనమునకు ఒక గంట ముందో వెనుకనో త్రాగుట మేలు. నిమ్మలోని సి విటమిను ఇనుమునకు తోడ్పడుననుట నిజమే. అయినను దానిని నమ్ముకొని భోజనముతో తేనీరు త్రాగుట తగదు. గర్భిణులు మితము పాటింపవలెను.

తిరిగివచ్చునప్పుడు మేము మూడు పొట్లములు పొడవాకు తెచ్చితిమి. కొనునప్పుడు అరచేతిలో పోసికొని చూడవలెను: మెలితిరిగిన ఆకులు ఇంచుమించు ఒకే పొడవుండి, దుమ్ము రాలకుండవలెను, ఎఱ్ఱని కాడలు ఎక్కువగా కనబడినచో ముదురుకోత యని యెరుంగునది. ఇంట తగరపు డబ్బాలో గట్టిమూత పెట్టి, వెలుతురు తగులని చోట నుంచినచో ఒక యేడు నిలుచును. తేయాకు ప్రక్క వాసనలను ఇట్టే పీల్చుకొనును. ఇంగువ డబ్బాయున్న అలమరలో మాత్రము ఉంచకుడు.