చార్మినార్ నీడలో మొహల్లా

మూసీనదిపై నయాపూల్ దాటి దక్షిణదిశగా నడిచే బాటసారికి హైదరాబాదు చరిత్ర వరుసక్రమంలో ఎదురవుతుంది. కుడివైపు హైకోర్టు గుమ్మటాలు, ఎడమవైపు సాలార్‌జంగ్ మ్యూజియం, దానికి ఆవల కుతుబ్‌షాహీల కాలంలో యునానీ వైద్యాలయంగా వెలసిన దారుల్‌షిఫా కనిపిస్తాయి. ఆ పిమ్మట మదీనా బిల్డింగ్, పత్తర్‌గట్టీ రాతి కట్టడాలు, చార్‌కమాన్, వాటి నడుమ గుల్జార్ హౌజ్, చివరికి చార్మినార్, మక్కా మస్జిద్ వస్తాయి. ఇవన్నీ కలిపి రెండు కిలోమీటర్లైనా ఉండవు. సందర్శకులు ఈ దారిలోనే వచ్చి, ఛాయాచిత్రాలు తీసుకుని, ఇదే దారిలో తిరిగి వెళ్తారు. కాని నగరం నిజానికి ఈ రహదారిపై లేదు. దీనికి ఇరువైపులా చీలిపోయే గల్లీలలో, వాటిలోని మొహల్లాలలో ఉంది. నేడు కరిగిపోతున్నది ఆ మొహల్లాయే.

హిజ్రీ సహస్రాబ్ది సమీపించిన వేళ, 1591లో, ముహమ్మద్ కులీ కుతుబ్‌షా ఈ నగరానికి పునాది వేశాడు. దాని రూపకల్పన మీర్ మోమిన్ అస్త్రాబాదీ అనే పండితునిదని చరిత్ర చెబుతుంది. నాలుగు దారులు కలిసేచోట చార్మినార్, ఆ దారుల వెంట బజార్లు, బజార్ల వెనుక నివాసాలు ఏర్పడ్డాయి. తరువాతి శతాబ్దాలలో ఆ నివాసాలు మొహల్లాలుగా స్థిరపడ్డాయి. ఒక మస్జిద్, ఒక బావి, ఒక దేవ్‌డీ, దాని గోడనానుకుని పదుల సంఖ్యలో చిన్న ఇళ్లు ఉంటే అది మొహల్లా. దేవ్‌డీలోని నవాబు, గోడ పక్కనే ఉన్న దర్జీ, భిస్తీ, కాతిబ్ ఒకే సఫ్‌లో నిలబడి నమాజు చేసేవారు. సంపన్నుల పేటలు వేరు, పేదల పేటలు వేరు అనే విభజన ఈ నగరంలో చాలాకాలం బలపడలేదు.

మార్పు ఇక్కడ కొత్త కాదు. 1908 సెప్టెంబరులో మూసీ వరద నగరాన్ని ముంచెత్తింది. 1912లో నగరాభివృద్ధి మండలి ఏర్పడింది. అది రోడ్లను వెడల్పు చేసింది, ఇరుకు ఇళ్లను తొలగించింది, పత్తర్‌గట్టీని నిర్మించింది. అయితే ఇళ్లు కూల్చడంతోనే ఆగక, పేదలకు తక్కువ అద్దెకు కొత్త ఇళ్లను కూడా కట్టించింది. 1949లో జాగీర్దారీ రద్దయిన తరువాత దేవ్‌డీల నిర్వహణ వారసులకు భారమైంది. ఒక్కొక్కటే పంపకాలకు, అమ్మకాలకు గురయ్యాయి. సాలార్‌జంగ్ మ్యూజియం 1951 నుండి 1968 వరకు దివాన్ దేవ్‌డీలోనే ఉండేది. నేడు అక్కడ వస్త్రవ్యాపార సముదాయాలున్నాయి. గల్ఫ్ సంపాదన వచ్చిన కుటుంబాలు టోలీచౌకీ, మెహదీపట్నం వైపు తరలిపోయాయి.

ఇప్పుడు వస్తున్న మార్పు స్వభావం వేరు. పూర్వం నగరం పాతబడి శిథిలమైంది. ఇప్పుడు అందమై ఖరీదవుతోంది. చార్మినార్ చుట్టూ వాహనాలను నిలిపివేసి రాళ్లు పరిచారు. చౌమహల్లా ప్యాలెస్ మరమ్మతులు జరిగి 2005లో ప్రజల సందర్శనకు తెరుచుకుంది. ఫలక్‌నుమా 2010లో విలాసవంతమైన హోటల్ అయింది. అదే సంవత్సరం హైదరాబాదీ హలీముకు భౌగోళిక గుర్తింపు లభించింది. 2024లో లాడ్ బజారు లక్కగాజులకూ ఆ గౌరవం దక్కింది. ఇవి సంతోషించదగిన విషయాలే. శిథిలాలలో పుణ్యమేమీ లేదు. శుభ్రత విశ్వాసంలో భాగమని నమ్మే మనం చక్కని వీధిని చూసి విచారించనవసరం లేదు.

కాని పేరు వచ్చినచోట అద్దె పెరుగుతుంది. కింద దుకాణం, పైన సంసారం ఉండే ఇల్లు క్రమంగా కింద దుకాణం, పైన గోదాముగా మారుతుంది. గాజుకు గుర్తింపు వచ్చింది. ఆ గాజును కొలిమి ముందు కూర్చుని వంచే చేతులు మాత్రం అద్దె భరించలేక ఊరి అంచులకు జరుగుతున్నాయి. ఛత్తా బజారులో ఒకప్పుడు కలంతో శుభలేఖలు రాసిన కాతిబుల స్థానంలో కంప్యూటరు అక్షరాలున్నాయి. రమజాను రాత్రులలో నగరం నలుమూలల నుండి జనం తినడానికి, కొనడానికి వస్తారు. తరావీహ్ నమాజు ముగించి ఇంటికి వెళ్లే వృద్ధుడు మాత్రం తన గల్లీలోకి తానే దారి వెతుక్కోవలసి వస్తుంది. అతిథులు పెరిగారు, ఆతిథ్యమిచ్చేవారు తరిగారు.

ముప్పై ఏళ్లుగా పిల్లలకు చదువు చెబుతున్న నాకు ఈ మార్పు హాజరుపట్టీలోనే తెలుస్తుంది. ఒకప్పుడు మగ్రిబ్ తరువాత సిపారా చంకనెత్తుకుని పక్క గల్లీ నుండి నడిచి వచ్చే పిల్లలుండేవారు. ఇప్పుడు వారి పిల్లలు షాహీన్‌నగర్, పహాడీషరీఫ్ వైపు నుండి ఆటోలలో వస్తారు. రెండు నెలలు వచ్చి, ఛార్జీలు భరించలేక మానుకునేవారూ ఉన్నారు. మస్జిద్ అక్కడే ఉంది, అజాన్ వినిపిస్తూనే ఉంది. విని ఐదు నిమిషాలలో చేరుకోగలిగినవారే తగ్గిపోయారు.

ఈ దశలోనే మెట్రో రైలు వస్తోంది. మహాత్మాగాంధీ బస్ స్టేషన్ నుండి ఫలక్‌నుమా వరకు ఐదున్నర కిలోమీటర్ల మార్గానికి 2024 మార్చిలో శంకుస్థాపన జరిగింది. దారుల్‌షిఫా, పురానీ హవేలీ, ఏతెబార్ చౌక్, అలీజా కోట్లా, మీర్ మోమిన్ దాయెరా, హరిబౌలీ, శాలిబండ మీదుగా రోడ్డును వెడల్పు చేయాలి. పాతబస్తీ యువతకు ఉద్యోగాలకు, రోగులకు ఆసుపత్రులకు చేరే మార్గం సుగమమవుతుంది. దశాబ్దాల నిర్లక్ష్యం తరువాత వచ్చిన ఈ సౌకర్యాన్ని వద్దనడం అవివేకం. భూమి ఇచ్చినవారికి చదరపు గజం లెక్కన పరిహారం ఉంది. అయితే పరిహారం గజాలను కొలవగలదు, పొరుగును కొలవలేదు. ఇంటి యజమాని చెక్కు తీసుకుని మరోచోట ఇల్లు కట్టుకుంటాడు. తరాలుగా అద్దెకున్న విధవ, కుట్టుమిషను పెట్టుకున్న దర్జీ తాము పోగొట్టుకున్నదాన్ని ఏ కాగితంలో చూపగలరు?

ధర్మం ఈ విషయంలో మౌనంగా లేదు. హజ్రత్ ఉమర్ (రజి) తమ ఖిలాఫత్ కాలంలో మస్జిదె నబవీని విస్తరించదలచారు. పక్కనే ఉన్న ఇల్లు ప్రవక్త (స) పినతండ్రి హజ్రత్ అబ్బాస్ (రజి) గారిది. ఆయన అమ్మడానికి ఒప్పుకోలేదు. తగవు హజ్రత్ ఉబై బిన్ కాబ్ (రజి) ముందుకు వెళ్లగా, యజమాని సమ్మతి లేనిదే తీసుకోరాదని తీర్పు ఖలీఫాకు వ్యతిరేకంగా వచ్చింది. ఖలీఫా తలవంచారు. అప్పుడు హజ్రత్ అబ్బాస్ (రజి) ఆ ఇంటిని ముస్లిముల కొరకు ఉచితంగా ఇచ్చివేశారని చరిత్రకారులు ఉల్లేఖించారు. ప్రజాప్రయోజనం మస్జిద్ అంతటి పవిత్రమైనదైనా, ఒక వ్యక్తి హక్కు ముందు ఆగి అడగవలసిందే. అదే సమయంలో, హక్కు నిలిచిన తరువాత త్యాగం చేయడం విశ్వాసికి అలంకారం.

పొరుగు విషయంలో ఫిఖ్‌హ్ గ్రంథాలలో షుఫా అనే అధ్యాయమే ఉంది. ఇల్లు అమ్మేటప్పుడు భాగస్వామికి, ఆ తరువాత దారినీ నీటినీ పంచుకునేవానికి, ఆ తరువాత గోడపక్క పొరుగువానికి కొనే హక్కు ముందుగా ఉంటుందన్నది హనఫీ ఫుఖహాల అభిప్రాయం. సహీహ్ బుఖారీలో హజ్రత్ అబూ రాఫె (రజి) ఉదంతం ఉంది. బయటివారు ఐదువందల దీనార్లు ఇస్తామన్నా, పొరుగువారైన హజ్రత్ సాద్ బిన్ అబీ వఖ్ఖాస్ (రజి) గారికి నాలుగువేల దిర్హములకే, అదీ వాయిదాల మీద, ఆయన ఆవరణలోని తన గదులను ఇచ్చారు. పొరుగువాని హక్కును గూర్చి ప్రవక్త (స) బోధ తన చెవిన పడి ఉండకపోతే అలా ఇచ్చేవాడిని కానని ఆయన స్పష్టం చేశారు. కేవలం పొరుగు అనే కారణంతో ఈ హక్కును కోరడం మన దేశంలో 1962 నాటి సుప్రీంకోర్టు తీర్పు తరువాత చట్టం ముందు నిలవదు. కోర్టులో నిలవకపోయినా, అంతరాత్మ ముందు నిలుస్తుంది.

కనుక ప్రభుత్వాన్ని, బిల్డర్లను మాత్రమే నిందించి ఊరుకోవడం న్యాయం కాదు. మొహల్లా ఇంటింటిగా అమ్ముడుపోయింది, ఆ దస్తావేజులపై సంతకాలు మనవే. ఇల్లు అమ్మవలసి వచ్చినవారు బ్రోకరుకు చెప్పడానికి ముందు గోడపక్కవారికి, బంధువులకు ఒక్కమాట చెప్పగలరు. పాత అద్దెదారుని ఖాళీ చేయించే యజమాని, అతనికి గడువైనా, మరో నీడ చూసుకునే సహాయమైనా ఇవ్వగలడు. పరిహారం అందుకున్నవారు అందులో కొంత భాగాన్ని తమతోపాటు నీడ కోల్పోయిన అద్దెదారుకు పంచవచ్చు. మదీనా బిల్డింగ్ అద్దెలు ఒకప్పుడు మదీనా నగరవాసుల సేవకై వక్ఫ్ చేయబడ్డాయి. అంత దూరపు పొరుగును తలచుకున్న నగరం, గల్లీలోని పొరుగును తలచుకోలేదా? వక్ఫ్ ఆస్తుల ముతవల్లీలు పత్రాలను భద్రపరచి, ఆ గదులను గోదాములకంటే ముందు నిరుపేద కుటుంబాలకు, చేతివృత్తులవారికి ఇస్తే, గాజు పేరుతోపాటు గాజు చేసేవాడూ మిగులుతాడు.

రాతి కట్టడాలను కాపాడటానికి పురావస్తు శాఖ ఉంది, పర్యాటక శాఖ ఉంది. పొరుగును కాపాడటానికి ఏ శాఖా లేదు. అది ప్రతి ఇంటికీ అప్పగించబడిన అమానతు. దానిని గూర్చి లెక్క అడిగే దినమొకటి ఉందని నమ్మేవారమే మనం.