కోడికి చెమట పట్టదు

రోహిణీ కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. రోళ్ల సంగతేమో కానీ, బ్రాయిలర్ కోళ్లు పెంచే రైతుకు మాత్రం ఆ రోజుల్లో గుండె చేతిలో పెట్టుకున్నట్టే ఉంటుంది. ముప్పై అయిదు రోజులు సాకి రెండు కిలోల బరువుకు తెచ్చిన కోళ్లు. ఇంకో వారంలో లారీ ఎక్కాల్సినవి. మధ్యాహ్నం మూడయ్యేసరికి నోళ్లు తెరిచి, రెక్కలు వాల్చి రొప్పుతుంటాయి. సాయంత్రానికి కొన్ని లేవవు. 2015 మే నెల వడగాడ్పులకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో రెండు వేల మందికి పైగా మనుషులే చనిపోయారు. ఇక షెడ్లలో రాలిపోయిన కోళ్ల సంగతి చెప్పాలా!

కోడికి స్వేద గ్రంథులు లేవు. దాని ఒంటి వేడి మామూలుగానే 41 డిగ్రీలు. బయటా అంతే వేడి ఉంటే దానికి మిగిలిన దారి రొప్పడమొక్కటే. రొప్పేకొద్దీ ఊపిరితోపాటు బొగ్గుపులుసు వాయువు ఎక్కువగా పోయి, రక్తంలో క్షారగుణం పెరుగుతుంది. లవణాలు తగ్గుతాయి. నాటుకోడైతే చెట్టు నీడకు పోయి మట్టిలో పొర్లుతుంది. ఆరు వారాల్లో బరువెక్కేలా తయారైన బ్రాయిలర్‌కు ఆ చెట్టూ లేదు, ఆ ఓపికా లేదు.

అందుకే ఎండలు ముదిరేసరికి షెడ్డు పక్కన ఉసిరి పొడి, నిమ్మకాయలు, బెల్లం, మజ్జిగ చేరతాయి. ఇదంతా వట్టి నమ్మకం కాదు. కోడి తనకు కావలసిన సి విటమిన్‌ను తన ఒంట్లోనే తయారు చేసుకుంటుంది. వేడికి అల్లాడేటప్పుడు అది చాలదు. ఉసిరిలో ఆ విటమిన్ నిమ్మలో కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. చక్కెర దుంప నుంచి తీసే బీటైన్ కణాల్లోని నీరు పోకుండా కాపాడుతుంది. వంటసోడా రొప్పుతో పోయిన బైకార్బొనేట్‌ను తిరిగి ఇస్తుంది.

అయితే అన్నీ మంచివే కదా అని ఒకే డ్రమ్ములో కలిపేసేవాళ్లున్నారు. నిమ్మరసం, సోడా కలిస్తే బుసబుసమని పొంగి దేని గుణం దానికి పోతుంది. ఒకటి ఇచ్చిన పూట రెండోది ఇవ్వకూడదు. బెల్లం నీళ్లు నిపుల్ గొట్టాల్లో పోస్తే లోపల జిగురు పట్టి మూసుకుపోతాయి. తొట్టెల్లో పోసినా రెండు మూడు గంటల్లో పారబోసి కడగాల్సిందే. లేదంటే పులిసి విరేచనాలు పట్టుకుంటాయి. మజ్జిగదీ అదే తంతు.

వేళ కూడా ముఖ్యమే. కోళ్లు రొప్పడం మొదలెట్టాక మధ్యాహ్నం హడావిడిగా ఉసిరి నీళ్లు కలిపితే ఉపయోగం తక్కువ. ఎండెక్కక ముందే, తెల్లవారుజామున అందాలి. మామూలు రోజుల్లో తిన్న మేతకు రెండింతల నీళ్లు తాగే కోడి, ఇప్పుడు నాలుగింతల దాకా తాగుతుంది. ఆ నీళ్లేమో మిద్దె మీది నల్ల ప్లాస్టిక్ ట్యాంకులో కాగి వస్తుంటాయి. చెయ్యి పెడితే చురుక్కుమనే నీళ్లను కోడి ముట్టదు. అందులో కలిపిన మందు ఎంత ఖరీదైనదైతేనేం? తెలంగాణ పల్లెల్లో ఇలాంటి చోట తల్లి కొడుకుతో అనే మాట ఒకటుంటుంది: "కొడుకా, మందు తర్వాత. ముందు నీళ్లల్ల చెయ్యి పెట్టి సూడు."

ట్యాంకుకు తడి గోనెపట్టా చుట్టడం, గొట్టాలను నీడన వేయడం, కప్పుకు సున్నం కొట్టి వరిగడ్డి పరచడం, కోడికీ కోడికీ మధ్య చోటు పెంచడం. వీటికి ఏ పొడీ సాటిరాదు. గోదావరి జిల్లాల్లాంటి ఉక్కపోత చోట్ల మాత్రం ఊరికే నీళ్లు చిమ్మితే చేటే. గాలిలో తేమ పెరిగితే రొప్పినా వేడి పోదు. నీళ్లతో పాటు ఫ్యాన్లూ తిరగాలి.

ఇక మేత. తిన్నది అరిగేటప్పుడూ ఒళ్లు వేడెక్కుతుంది. కాబట్టి పొద్దున పదింటికల్లా మేత తొట్టెలు పైకి కట్టేసి, సాయంత్రం అయిదు దాటాక దింపుతారు. తగ్గిన మేత రాత్రిపూట పూరించుకోవాలి. చల్లబడ్డాక లైట్లు వేస్తారు. తెల్లారేదాకా కోళ్లు తింటూనే ఉంటాయి. ఇంట్లోవాళ్లు వంతులవారీగా నిద్రపోతారు.