పొడగింతలతో పొత్తు

విహరిణికి తగిలించుకునే పొడగింతలంటే నాకు మొదటినుంచీ మక్కువ. అందుకు కారణం పద్మ. 2000 తర్వాతి తొలి ఏళ్ళలో తెలుగు పత్రికలు జాలంలో ఎవరి ఖతిలో వారు వెలువడేవి. ఆ ఖతి మన కంప్యూటరులో లేకపోతే తెరమీద కనిపించేవి పిచ్చిగీతలే. ఫైర్‌ఫాక్సుకు పద్మను జోడించగానే ఆ గీతలు యూనికోడ్ తెలుగుగా మారి కళ్ళెదుట నిలిచేవి. అప్పుడే మరొక సంగతి కూడా బోధపడింది. మన కంటికి తెలుగుగా కనిపించిందల్లా శోధనయంత్రానికి తెలుగు కాదు. సొంత ఖతిలో వచ్చిన వార్త వెనుక ఉండేవి వేరే సంకేతాలు. "గోదావరి" అని వెతికినవారికి ఆ వార్త దొరికేది కాదు. రాయడం ఒక ఎత్తు, రాసింది దొరకడం మరొక ఎత్తు.

మీలో చాలామందిలాగే నేనూ లేఖినిలో టైపు చేసుకుని, కూడలిలో నా టపా పేరు చూసుకుని మురిసినవాణ్ణే. ఆ మురిపెంలోనే గూగుల్ టూల్‌బారును కూడా తగిలించుకున్నాను. 2000 డిసెంబరులో వచ్చిన ఆ పట్టీలో పేజీర్యాంకును చూపే ఆకుపచ్చ గీత ఒకటుండేది. సున్నా నుంచి పది వరకు కొలత. నా పుటకు రెండు వచ్చిన రోజున ఇంట్లో అందరికీ చెప్పాను, ఎవరికీ అర్థం కాకపోయినా. ఆ గీత కనిపించాలంటే మనం చూస్తున్న ప్రతి పుట చిరునామా గూగులుకు చేరాలి. ఆ మాట వాళ్ళు ముందే చెప్పారు, మనం సరేనన్నాం. అలెక్సా ర్యాంకుదీ అదే దారి. ఆ పట్టీ తగిలించుకున్నవారు ఏయే పుటలు తిరిగారో లెక్కగట్టే ఆ అంకెలను తేల్చేవారు. పేజీర్యాంకు గీత 2016లో పోయింది, అలెక్సా 2022 మే 1న మూతపడింది. అంకెల మీద ఆశ మాత్రం నాలో అలాగే ఉండిపోయింది.

చాలా ఏళ్ళ మౌనం తరువాత మళ్ళీ రాయడం మొదలుపెట్టినప్పుడు నాకొక సంకల్పముండేది. మా తాతగారు గోదావరిమీద పడవ నడిపినవారు. ఆయన వాడిన మాటలు కొన్ని మా అక్కకు కంఠస్థం. పడవ ముందుభాగం అణియం, వెనుకభాగం అమరం, దారి మళ్ళించేది చుక్కాని, అడుగు తగిలేచోట నీటిలో పొడిచి నెట్టేది గెడ. అక్క ఫోనులో చెబుతుంటే నేను రాసి పెట్టాను. ఎవరో ఒకరు ఎప్పుడో ఒకనాడు "అణియం" అంటే ఏమిటని వెతుకుతారు, వారికి ఇది దొరకాలి అన్నదే నా కోరిక. ఆరు నెలలైనా శోధనలో నా పుట జాడ లేదు.

అప్పుడు శోధనయంత్రాలకు అనువుగా పుటలను దిద్దుకోవడానికి పనికివచ్చే పొడగింత ఒకటి తెచ్చుకున్నాను. న్యాయంగా చెప్పాలి, అది చేసిన మేలు చిన్నది కాదు. నొక్కిన మరుక్షణమే నా జబ్బు చెప్పింది. ఎవరో ఉచితంగా పంచిన మూసను నేను వాడుకున్నాను. అందులో "నోఇండెక్స్" అనే ఒక్క మాట దాగి ఉంది. నన్ను పట్టికలో చేర్చుకోవద్దని శోధనయంత్రానికి నా పుటే చెబుతున్నదన్నమాట. ఆ మాట తీసేసిన కొన్ని వారాలకు అణియం దొరికింది. ఇంకా తెగిపోయిన లంకెలు, వివరణ లేని బొమ్మలు, ఒకే శీర్షికతో ఉన్న పుటలు అన్నిటినీ వరుసగా చూపింది. బ్లాగరులో తెలుగు శీర్షిక పెడితే చిరునామాలో "బ్లాగ్-పోస్ట్" అనే మాట, పక్కన ఒక అంకె మాత్రమే మిగులుతాయని మీకందరికీ తెలిసిందే. ముందు ఇంగ్లీషు శీర్షికతో ప్రచురించి, తరువాత తెలుగు శీర్షికకు మార్చుకునే పాత చిట్కా నాకు మళ్ళీ గుర్తొచ్చింది ఆ పొడగింత వల్లనే.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. దానిలో మాటల సాంద్రతను కొలిచే లెక్క ఒకటుంది. అది ఇంగ్లీషు కోసం కట్టిన లెక్క. దానికి పడవ వేరు, పడవలో వేరు, పడవకు వేరు, పడవెక్కి మరీ వేరు. మన విభక్తులు, మన సంధులు దానికెలా తెలుస్తాయి? "పడవ అనే మాట చాలినన్నిసార్లు లేదు" అని ఎర్రరంగులో హెచ్చరించింది. నేను దాని మాట విని, వాక్యాలు విరిచి, ప్రతి రెండు పంక్తులకూ పడవను తెచ్చి నిలబెట్టాను. అంకె పచ్చబడింది. అక్క చదివి, "ఏమిట్రా ఇది, చెవిటివాడికి చెబుతున్నట్టు రాశావు" అంది. పాత ప్రతి నా దగ్గర ఉంది కనుక బతికిపోయాను.

అసలు దెబ్బ మరొకటి. 2023 వేసవిలో ఒకనాడు ఆ పొడగింత తనంతట తానే ఆగిపోయి, కొత్త అనుమతి కోరింది. అన్ని జాలస్థలాలలోని మీ సమాచారాన్ని చదవడానికి, మార్చడానికి ఒప్పుకుంటారా అని. చదవకుండానే ఒప్పుకున్నాను. కొన్నాళ్ళకు నేను చూసే పుటలలో ఎవరూ పెట్టని ప్రకటనలు మొలిచాయి. సెలవులకు వచ్చిన మేనల్లుడికి చూపించాను. వాడు డెవలపర్ టూల్స్ తెరిచి, నా విహరిణిలో తెరిచి ఉన్న పుటలను ఒక్కొక్కటిగా మళ్ళీ తెరుస్తూ వచ్చాడు. తెరిచిన ప్రతి పుట చిరునామా ఎక్కడో ఊరూపేరూ తెలియని సర్వరుకు వెళ్తున్నది. నేను నోరు తెరుచుకుని చూస్తున్నాను. ఒక చిరునామా దగ్గర వాడు ఆగిపోయాడు.

"మావయ్యా, ఇది అమ్మ రిపోర్టు కదూ?"

అంతకు వారం కిందట అక్క ఒక వైద్య పరీక్షల కేంద్రం పంపిన లంకెను నాకు వాట్సాపులో పంపి, చదివి చెప్పమంది. రొమ్ములో గడ్డకు చేసిన బయాప్సీ. భయపడవలసినది కాదని అందులోనే ఉంది. పిల్లలు బెంగపడతారు, వాళ్ళకు చెప్పకు అంది. ఆ లంకెకు సంకేతపదమేమీ లేదు. ఆ పొడవాటి చిరునామాయే తాళంచెవి. అది ఎవరి చేతికి చిక్కితే వారు తెరవవచ్చు. నా విహరిణి ఆ తాళంచెవిని ఎవరికో అందించింది. ఇంట్లోనే ఉన్న కొడుకు చేతికీ అందించింది.

ఇది నా ఒక్కడి అజాగ్రత్త అనుకోవడానికి లేదు. జాలస్థలాలు నమ్మదగినవో కావో చెప్పే వెబ్ ఆఫ్ ట్రస్ట్ అనే పొడగింతే తన వాడుకరుల విహార చరిత్రను ఇతరులకు చేరవేస్తున్నదని 2016 నవంబరులో జర్మనీ ప్రసార సంస్థ ఎన్‌డీఆర్ బయటపెట్టింది. 2019లో డేటాస్పై పేరుతో వెలుగులోకి వచ్చిన ఉదంతంలో ఎనిమిది పొడగింతలు ఇటువంటి రహస్యపు లంకెలనే దోచిపెట్టాయి. విహార సమాచారాన్ని అమ్ముకున్నందుకు అవాస్ట్ సంస్థకు అమెరికా వాణిజ్య కమిషన్ 2024లో 1.65 కోట్ల డాలర్ల భారం వేసింది. తయారుచేసినవారు మంచివారైనా చాలదు. 2024 డిసెంబరులో సైబర్‌హేవెన్ అనే భద్రతా సంస్థ ఉద్యోగిని దొంగ ఈమెయిలుతో మోసగించి, ఆ సంస్థ పొడగింతకే విషపు తాజాకరణను ఎక్కించారు. నిన్న మంచిదైన పొడగింత నేడూ మంచిదే అన్న హామీ లేదు.

కనుక నేను పెట్టుకున్న కట్టుబాట్లు ఇవి. పుటను దిద్దుకునే పనికి విహరిణిలో వేరే ప్రొఫైలు ఉంచాను. అందులో ఈమెయిలు, బ్యాంకు, వాట్సాపు ఏవీ తెరవను. పొడగింతకు అనుమతి నేను నొక్కినప్పుడు మాత్రమే, ఆ పుటవరకు మాత్రమే. పని కాగానే తీసేస్తాను. నిజానికి చాలా అవసరాలకు అది కూడా అక్కరలేదు. ఏ మాట వెతికి ఎందరు వచ్చారో గూగుల్ సెర్చ్ కన్సోల్ ఉచితంగా చెబుతుంది. నోఇండెక్స్ వంటి లోపాలను క్రోములోనే ఉన్న లైట్‌హౌస్ చూపిస్తుంది. మాటల సాంద్రత జోలికి మాత్రం తెలుగు రాసేవారెవరూ పోవద్దని నా మనవి.

పరీక్షల కేంద్రానికి ఫోను చేసి ఆ లంకెను తీసేయించాం. అప్పటికే ఎవరైనా తెరిచారా అన్నది తెలుసుకునే దారి లేదు. అక్కకు నేనే చెప్పాను. "నా గడ్డతో వాడికేం పనిరా" అని నవ్వింది. కాసేపాగి, "అబ్బాయి కూడా చూశాడా?" అంది. చూశాడన్నాను. ఆ రాత్రి తల్లీకొడుకులు చాలాసేపు మాట్లాడుకున్నారని తరువాత తెలిసింది.

అక్క ఇప్పటికీ పడవ మాటలు చెబుతూనే ఉంది; నేను రాస్తూనే ఉన్నాను. తన కాగితాలు మాత్రం పంపడం మానేసింది. ఫోనులో ఒక్కొక్క ఇంగ్లీషు అక్షరమూ కూడబలుక్కుని చదివి, అర్థం చెప్పమంటుంది.