మొదటి రోజు చేతికిచ్చే కాగితం

నందిగామ, జగ్గయ్యపేట నేడు ఎన్టీఆర్ జిల్లాలో చేరినా, కృష్ణా జిల్లా మెట్ట ఊళ్లుగానే మనకు పరిచయం. మా దంపతులలో ఒకరము నందిగామలో, ఒకరము జగ్గయ్యపేటలో డిగ్రీ విద్యార్థులకు చరిత్ర బోధిస్తున్నాము. మా తరగతులకు ప్రత్తి, మిరప చేలలో కూలికి పోయే ఇళ్ల నుండి, తాపీపని చేసే ఇళ్ల నుండి పిల్లలు వస్తారు. తమ ఇంట కళాశాల గడప తొక్కిన మొదటివారు వారిలో అనేకులు. 2021-22 నుండి మన రాష్ట్రంలో డిగ్రీ చదువు ఇంగ్లీషు మాధ్యమంలోకి మారింది. తెలుగులోనో, ఉర్దూలోనో చదివి వచ్చిన పిల్లలు సిలబస్ చూడగానే బెదిరిపోవడం మాకు ఏటా కనిపించేదే.

పాఠ్యాంశాలను నిర్ణయించేది విశ్వవిద్యాలయం. వాటిని ఏ వరుసలో, ఏ ఉదాహరణతో, ఏ మాటతో విద్యార్థి ముందుంచాలన్నది మాత్రం అధ్యాపకుని చేతిలోని పని. అందువలన మేము ఏటా రెండు పుటల కాగితం తయారుచేసి మొదటి రోజే పంచుతాము. ఒకవైపు ఇంగ్లీషు, మరొకవైపు తెలుగు. అధ్యాయాల పట్టికకు ముందు, ఈ చదువు ముగిసేనాటికి మీరేమి చేయగలుగుతారో వ్రాస్తాము. ఏ వారం ఏ పాఠమో, పరీక్ష ఏనాడో, మార్కులు దేనికి ఎన్నో, సందేహాలకు మమ్మల్ని ఎప్పుడు కలవవచ్చునో దాచకుండా చెబుతాము. మిరప కోతల రోజుల్లో రాలేకపోయినవారు తప్పిన పాఠాన్ని ఎలా పూరించుకోవాలో కూడా అందులో ఉంటుంది. రంజాన్ మాసంలో మా పరీక్షలన్నీ ఉదయపు వేళనే. ‘ఆలస్యంగా వచ్చినవారికి ప్రవేశం లేదు’ అన్న వాక్యానికి బదులు, ‘ఆలస్యమైతే నిశ్శబ్దంగా వచ్చి కూర్చోండి, పాఠం ముగిశాక కారణం చెప్పండి’ అని వ్రాస్తాము.

ఆదరణ అంటే అలుసు కాదు. చదవవలసిన పుటలు తగ్గవు, గడువులు చెరగవు. అడుగు ఎక్కడ వేయాలో తెలిసినవానికి ఎత్తైన మెట్టు కూడా భయపెట్టదు. ఇబ్ను ఖల్దూన్ 1377లో రచించిన ‘ముఖద్దిమా’లో బోధన మూడు ఆవృత్తులుగా సాగాలన్నారు. మొదట విషయపు రూపురేఖలు, తరువాత వివరాలు, చివరకు చిక్కుముడులు. విద్యార్థి పట్ల కాఠిన్యం అతని ఉత్సాహాన్ని చంపుతుందనీ హెచ్చరించారు. మా వారాల వరుసకు ఆ మూడంచెలే ఆధారం.

ఇక ఉదాహరణలు. జగ్గయ్యపేట ధనబోడు కొండపై 1882లో జేమ్స్ బర్జెస్ బౌద్ధ స్తూపాన్ని పరిశోధించారు. అక్కడి ఆయక స్తంభాల శాసనాలు ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని ఇరవయ్యవ పాలనా సంవత్సరానివి. ఆ స్తంభాలను ప్రతిష్ఠించినవాడు సిద్ధార్థుడనే శిల్పి, అంటే చేతిపని చేసి బ్రతికినవాడు. ప్రాచీన చరిత్రను మేము ఈ కొండ నుండే మొదలుపెడతాము.

ఒక ఏడాది మా విద్యార్థిని ఒకతెను ఆ కొండకు పంపడానికి ఇంట్లో ఒప్పుకోలేదు. చదువే మాన్పిద్దామన్న ఆలోచన కూడా అప్పటికే ఉన్నది. ఆమె మా కాగితాన్ని తెలుగువైపు తిప్పి తల్లికి చదివి వినిపించింది. వెంట ఎవరు వస్తారు, ఎన్ని గంటలకు తిరిగి చేరుస్తారు, తల్లులు కూడా రావచ్చునన్న మాట, అన్నీ అందులో ఉన్నవి. తల్లి తానే బయలుదేరి వచ్చింది. శిల్పి పేరు శాసనానికెక్కిందని విని, “అమ్మీ, మీ అబ్బా కట్టిన ఇళ్లమీద ఎవరి పేర్లున్నాయే?” అని కూతురిని అడిగింది. ఆ ప్రశ్నకు జవాబు వెదుకుతూ ఆ అమ్మాయి తమ వాడలోని తాపీ మేస్త్రీల చరిత్రను తన ప్రాజెక్టుగా వ్రాసింది. చదువు మానలేదు.

తల్లిదండ్రులకు మా మనవి ఒక్కటే. మీ బిడ్డ కళాశాలలో చేరిన వారంలోనే సిలబస్ తెచ్చి చదివి వినిపించమనండి. అర్థం కాని మాట ఉంటే అధ్యాపకుని అడిగి రమ్మనండి. అడగడానికి మీకు హక్కున్నది, చెప్పడం మా బాధ్యత.