నీలం కోటు మనిషి

మావాడి బల్ల మీద ఒక నీలం బొమ్మ ఉండేది. జానెడు కూడా ఉండదు. భుజాల మీద కొమ్ముల్లా పొడుచుకొచ్చిన ముళ్ళు, మొహం నిండా ఒకటే కన్ను, కుడిచేతి దగ్గర్నుంచి వేలాడే కొరడా. ప్లాస్టిక్ ముక్కలు కత్తిరించుకుని, ఒకదాంట్లో ఒకటి గుచ్చుకుంటూ రెండు రాత్రులు కూర్చుని చేశాడు. 2020లో కాలేజీ మూసేస్తే ఇంటికొచ్చి పడ్డాడు కదా, వాడికి అదో కాలక్షేపం. “ఎవర్రా ఈ రాక్షసుడు?” అనడిగాను. “రాక్షసుడు కాదు నాన్నా, గఫ్. రాంబా రాల్ నడిపేది” అన్నాడు, ఆ రాల్ ఎవరో మన ఊళ్ళోవాడైనట్టు.

అలా నేను యాభై దాటాక ‘మొబైల్ సూట్ గండమ్’ చూశాను. పేరు వినగానే, గండమేరా బాబూ అని నవ్వుకున్న మాట నిజం. 1979 ఏప్రిల్‌లో జపాన్ టీవీలో మొదలైన సీరియల్ అది. దర్శకుడు యోషియుకి తొమినో. పాపం అప్పట్లో జనం పెద్దగా చూడలేదట. 52 భాగాలు అనుకున్నదాన్ని 43తో ముగించేశారు. పేరంతా ఆ తర్వాత వచ్చింది, పునఃప్రసారాల వల్ల, ఈ ప్లాస్టిక్ బొమ్మల వల్ల. బొమ్మలు ఇప్పుడు మనకి పాతగా, కదలిక కాస్త మొరటుగా అనిపిస్తాయి. మూడు భాగాలయ్యేసరికి నాకు అది గుర్తు రాలేదు.

కథ మొత్తం చెప్పను. అంతరిక్షంలో కట్టుకున్న కాలనీల్లో ఒకటి, జియోన్, భూమి మీది ప్రభుత్వంతో యుద్ధానికి దిగుతుంది. మొదటి నెలల్లోనే మనుషుల్లో సగం మంది పోతారు. భూమి పక్షాన గండమ్ అనే తెల్లటి యంత్రకవచంలో కూర్చుని పోరాడేవాడు ఆమురో, పదిహేనేళ్ళ కుర్రాడు. జియోన్‌ని ఏలే జాబీ కుటుంబంలో చిన్నకొడుకు గార్మా చనిపోతే, పగ తీర్చుకురమ్మని అన్న డోజిల్ పంపిన మనిషి ఈ రాల్. గుబురు మీసాలు, బలిష్ఠమైన ఒళ్ళు. వయసు 35 అని మావాడు చెప్తే నమ్మలేదు. నాకు యాభై ఏళ్ళవాడిలాగే కనిపించాడు.

అతను దిగిన రాత్రి ఉరుములూ మెరుపులూ. కాలనీల్లో పుట్టి పెరిగిన అతని సైనికులు పిడుగుల్ని ఎన్నడూ చూడలేదు, బెదిరిపోతారు. అది మెరుపేనని రాల్ చెప్తాడు. నాకక్కడే మనిషి నచ్చాడు. మేస్త్రీ అంటే అలా ఉండాలి.

అసలు ఘట్టం 19వ భాగంలో ఉంది. తననెక్కడ గండమ్ మీంచి దింపేస్తారోనని అలిగి ఓడ వదిలేసి పారిపోయిన ఆమురో, ఎడారిలో ఒక హోటల్లో ఒంటరిగా తింటూ ఉంటాడు. రాల్ తన దళంతో అక్కడికే వస్తాడు. అతని సహచరి హామోన్ అందరికీ భోజనం చెప్తూ, ఆ మూల కూర్చున్న కుర్రాడికి కూడా పెట్టమంటుంది. ఆమురో వద్దంటాడు, ఊరికే పెట్టే తిండి నాకక్కర్లేదని. రాల్ పగలబడి నవ్వుతాడు. కుర్రాడి పౌరుషం అతనికి నచ్చింది. ఇంతలో శత్రువుల యూనిఫాంలో ఉన్న అమ్మాయిని బయట పట్టుకుని లోపలికి తెస్తారు. ఆమె ఆమురో కోసం వెతుక్కుంటూ వచ్చిన ఫ్రావ్ బో. కుర్రాడి దుప్పటి కింద తుపాకీ ఉందని కూడా రాల్‌కి తెలిసిపోతుంది. అయినా ఇద్దర్నీ పొమ్మంటాడు, యుద్ధభూమిలో ఎదురైతే ఇలా ఉండదు సుమా అని హెచ్చరించి. ఆహా ఎంత ధర్మాత్ముడు అనుకుంటామా, ఆ వెంటనే ఒక మనిషిని ఆ అమ్మాయి వెనకాల పంపి ఓడ ఎక్కడుందో కనుక్కుంటాడు. ఈ రెండూ ఒకే మనిషిలో ఉండటమే నాకు నచ్చింది. మన సినిమాల్లో మంచి విలన్‌కి ఇంత లౌక్యం ఇవ్వరు.

తర్వాత పోరు. గఫ్, గండమ్ ఒకదాని పొట్ట ఒకటి చీల్చుకుంటాయి. ఆ చీలికల్లోంచి ఒకరి మొహం ఒకరికి కనపడుతుంది. హోటల్లో చూసిన కుర్రాడా వీడు! హోటల్లో చూసిన పెద్దమనిషా ఈయన! కవచం లోపల మనిషి ఉంటాడని అప్పటిదాకా ఆమురోకి తెలియదనుకుంటా. ఆ తర్వాత వాణ్ణి శిక్షగా గదిలో పెట్టినప్పుడు వాడు కోరుకునేది ఒక్కటే, ఆ మనిషి మీద గెలవాలని.

కవచం అనగానే మనకి కర్ణుడే గుర్తొస్తాడు. నాకూ వచ్చాడు. కానీ కర్ణుడికి సుయోధనుడి మీద ప్రేమ ఉంది. రాల్‌కి జాబీల మీద ప్రేమేం లేదు. అతని తండ్రి జింబా రాల్, జాబీల కంటే ముందు జియోన్‌కి నాయకుడైన డైకున్ మనిషి. ఆ కుటుంబాన్ని పక్కకి తోసి పైకొచ్చినవాళ్ళే జాబీలు. మరి వాళ్ళ కోసం ఎందుకు చావడం? దీనికి జవాబు సీరియల్‌లోనే ఒకచోట, పెద్ద ఆర్భాటం లేకుండా వస్తుంది. హామోన్‌తో మాట్లాడుతూ అంటాడు: తనకి ప్రమోషన్ వస్తే తన కింద ఉన్నవాళ్ళ బతుకులు కుదుటపడతాయని. అంతే. దేశం, పగ, ధర్మం ఏమీ కాదు.

నేను అక్కడ ఆపమన్నాను. మావాడు “ఏమైంది?” అన్నాడు. టీ తాగుదామన్నాను.

మా నాన్న స్పిన్నింగ్ మిల్లులో షిఫ్ట్ మేస్త్రీ. మేస్త్రీలకి నీలం కోటు ఇచ్చేవారు. సాయంత్రానికి దాని మీద దూది నూగు పట్టి, మంచు పడ్డట్టుండేది. మా ఊరి నుంచి పదకొండు మందిని ఆయనే తీసుకెళ్ళి మిల్లులో పెట్టించాడు, అందరూ బదిలీ కార్మికులుగా. 1984లో సమ్మె వచ్చింది. నేను టెన్త్‌లో ఉన్నాను. ఆ పదకొండు మందీ గేటు బయట కూర్చున్నారు. మా నాన్న కోటు వేసుకుని రోజూ లోపలికెళ్ళాడు. ఒకరోజు కోటు వీపు మీద పేడతో ఇంటికొచ్చాడు. అమ్మ ఏం మాట్లాడకుండా బకెట్లో నానబెట్టింది. “దొర వేసే ముష్టి కోసం మనవాళ్ళ నోట్లో మట్టి కొడతావా?” అన్నాను నేను. పదిహేనేళ్ళవాణ్ణి, పాఠం అప్పజెప్పినట్టు అనేశాను. ఆయన కొట్టలేదు, తిట్టలేదు. కాళ్ళు కడుక్కుని అన్నానికి కూర్చున్నాడు.

సీరియల్‌కి వస్తే, గఫ్ పోయాక రాల్ కొత్త యంత్రాలు కావాలని అడుగుతాడు. డోమ్‌లు అనేవి మూడు పంపిస్తానని పైనుంచి మాట వస్తుంది. మధ్యలో మా కుబే అనే అధికారి, గనుల మీద కూర్చున్న పెద్దమనిషి, వాటిని అతని దాకా రానివ్వడు. దారిలో నాశనమయ్యాయని కబురు చెప్పిస్తాడు. రాల్ దానికి గోల చెయ్యడు. తన మనుషుల్ని వెంటేసుకుని, కవచం లేకుండా, చేతి తుపాకులతో ఓడ మీదికి ఎక్కుతాడు. లోపల ఎదురుపడ్డ సైనికురాలు సేలాని చూసి ఆగిపోతాడు. ఆమె డైకున్ కూతురు ఆర్టేసియా, తన పాత యజమాని బిడ్డ. ఆ ఒక్క క్షణం ఆగినందుకే దెబ్బ తింటాడు. చివరికి ఓడలో ఒక గదిలో చిక్కుకుని, గోడ చీల్చుకొచ్చిన గండమ్ చేతి మీదికి బాంబుతో దూకి పేలిపోతాడు. ఓడిన సైనికుడి గతేమిటో చూడమని కుర్రాడికి చెప్పి మరీ దూకుతాడు. ఆ మాటలో వీరత్వం ఉందని మావాడంటాడు. నాకు మాత్రం అది వెర్రిగానే అనిపించింది. చచ్చి పాఠం చెప్పడమేమిటి? ఓటమి తర్వాత 34 ఏళ్ళకి జపాన్‌లో తీసిన కథ కాబట్టి, ఆ దూకుడుని మెచ్చుకోవడమో తిట్టడమో తేల్చకుండా వదిలేశారనుకుంటాను. మరుసటి భాగంలోనే హామోన్ పగబట్టి వస్తుంది, ఆమురో స్నేహితుడు ర్యూ చస్తాడు, ఆమే చస్తుంది. రాల్ విధేయత ఖర్చు అక్కడితో ఆగలేదన్నమాట.

మా నాన్న చచ్చిపోలేదు, ఆ సమ్మెలో. మిల్లే చచ్చింది. రెండేళ్ళకి మూతపడింది. ఆయనకీ రావాల్సినవి రాలేదు, ఆ పదకొండు మందికీ రాలేదు. 1998లో పోయాడు. నేను ఆ మాట అన్నందుకు క్షమించమని అడగలేదు, ఎందుకు వెళ్ళావని కూడా అడగలేదు.

43 భాగాలూ అయ్యాక చిన్నబాబాయ్‌కి ఫోన్ చేశాను. ఆ పదకొండు మందిలో ఆయనొకడు. కుశలప్రశ్నలయ్యాక అడిగాను, ఆ ఏడాది నాన్న సంగతేమిటి బాబాయ్ అని. కాసేపు ఏం మాట్లాడలేదు.

“మీ నాన్న ఆఫీసులో మా పదకొండు పేర్లూ ఇచ్చాడ్రా, పర్మనెంట్ చెయ్యమని. నన్ను చూసి చెయ్యండి అన్నాడంట. ఆ కాగితం పైకి పంపామన్నారు. ఎక్కడికి పంపారో! సమ్మెలో ఒకరాత్రి మా ఇళ్ళకొచ్చాడు, పేర్లు పోతాయి, పనిలోకి రండ్రా అని. మేం తలుపు తియ్యలా.”

“అయితే నాన్న చేసింది...”

“మంచోడేరా మీ నాన్న. కాదనను. ఆ ఏడు మా ఇంట్లో మాత్రం పొయ్యి వెలగలా.”

ఈ రెండు మాటలకీ మధ్య ఆయన ‘అయినా’ అనీ అనలేదు, ‘అందుకే’ అనీ అనలేదు. నేనూ అడగలేదు. జీవాల గురించి, వానల గురించి మాట్లాడుకుని పెట్టేశాం.

మావాడు ఉద్యోగానికి వెళ్తూ బొమ్మలన్నీ పెట్టెలో సర్దుకున్నాడు. తెల్ల గండమ్‌ని తీసుకెళ్ళి, నీలం దాన్ని నా పుస్తకాల అరలో పెట్టి పోయాడు. మొన్న దుమ్ము తుడుస్తూ అమ్మనడిగాను, నాన్న మిల్లు కోటు ఎక్కడైనా దాచావా అని. “ఆ కోటా? అది ఎన్నడో చింపి మసిగుడ్డలు చేశాను. మంచి మందం గుడ్డ, చాన్నాళ్ళొచ్చాయి” అంది.